డాక్టరు దగ్గరికి వెళ్లలేని రోజుల్లో పిల్లల పళ్లు

2020 మార్చి చివరి వారంలో కరోనా లాక్‌డౌన్‌తో దేశమంతా తలుపులు వేసుకుంది. ఛాతీలో నొప్పి వచ్చినా ఆసుపత్రికి వెళ్లడానికి జంకిన రోజులవి. అలాంటప్పుడు ఆరేళ్ల పిల్ల చల్లటి నీళ్లు తాగి “అమ్మా, పన్ను జివ్వుమంటోంది” అంటే పట్టించుకునే తీరిక ఎవరికి ఉంటుంది? ఉన్నా తీసుకెళ్లడానికి చోటు లేదు. పన్ను మీద డ్రిల్లు తిరిగేటప్పుడు నీళ్లూ ఉమ్మీ కలిసి సన్నటి తుంపరై గదంతా పరుచుకుంటాయి. ముక్కులో, గొంతులో, ఉమ్మిలో ఉండే వైరస్‌కు అంతకంటే అనువైన చోటు లేదు. అందుకే 2020 మే నెలలో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో కంటైన్మెంట్ జోన్లలోని దంత వైద్యశాలలు మూసే ఉంచమన్నారు, రెడ్ జోన్లలో అత్యవసర చికిత్సలే చేయమన్నారు. ఆగస్టులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, వైరస్ ఊళ్లో విస్తరిస్తున్న చోట అవసరం లేని దంత చికిత్సలను కొన్నాళ్లు ఆపమని సలహా ఇచ్చింది. రెండూ సరైన నిర్ణయాలే. కాని చికిత్సను వాయిదా వేసినంత మాత్రాన పుచ్చు ఆగదు. ఆసుపత్రి మూసి ఉన్న ఆరు నెలలూ అది తన పని తాను చేసుకుపోతుంది.

కరోనాకు ముందు మన పిల్లల పళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయని కూడా అనుకోవద్దు. 2002-03లో భారత దంత వైద్య మండలి చేయించిన జాతీయ సర్వేలో ఐదేళ్ల పిల్లల్లో సగం మందికి పైగా పుచ్చుపళ్లు కనిపించాయి. పన్నెండేళ్ల పిల్లల్లోనూ అంతే. అంగన్‌వాడీలకూ ప్రభుత్వ బడులకూ వెళ్లి పిల్లల్ని పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. అది చూసే సమస్యల్లో పళ్లు కూడా ఉన్నాయి. బడి మూతపడితే ఆ ఒక్క పరీక్షా ఉండదు. చాలామంది పేద పిల్లల నోరు తెరిపించి చూసే చదువుకున్న కన్ను అదొక్కటే.

మహమ్మారి మళ్లీ వస్తుందో రాదో మన చేతుల్లో లేదు. వస్తే మాత్రం ఇంట్లో రెండు పనులు పిల్లల పళ్లను కాపాడతాయి. రాత్రి పడుకునే ముందు పెద్దవాళ్లు తమ చేత్తో బిడ్డ పళ్లు తోమడం ఒకటి. తిండికీ తిండికీ మధ్య ఆ నోటికి కాస్త ఖాళీ ఇవ్వడం రెండోది. ఈ అధ్యాయంలో నేను చెప్పే మిగతా విషయాలన్నీ వీటి తర్వాతే. వీటిలో కూడా ఒకటే చేయగలిగిన ఓపిక ఉంటే, రాత్రి తోమడం ఎంచుకోండి.

బడి గంట లేని ఇల్లు

మామూలు రోజుల్లో పిల్లల చేత పొద్దున్నే బ్రష్ పట్టించేది అమ్మ కేకలు కాదు, ఏడున్నరకు వీధి చివర హారన్ కొట్టే బడి బస్సు. ఆ బస్సు ఆగిపోయింది. నిద్రలేవడం తొమ్మిదైంది, పదైంది. పళ్లు తోమకుండానే పాలు, ఆ చేత్తోనే ఫోను. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్లలో పాఠాలు మొదలయ్యాయి. ప్రైవేటు బడుల వాళ్లకు ఫోన్లలో క్లాసులు. తెర ముందు కూర్చున్న బిడ్డ కదలకుండా ఉండాలంటే చేతిలో ఏదో ఒకటి ఉండాలి. ప్లేటులో నాలుగు బిస్కెట్లు, పక్కన చిప్స్ పొట్లం, క్లాసు మారగానే గ్లాసుడు రస్నా. ఆ వేసవిలో పార్లే-జి బిస్కెట్లు కొన్ని దశాబ్దాల్లో ఎన్నడూ లేనంతగా అమ్ముడయ్యాయని ఆ కంపెనీయే చెప్పింది. రోడ్ల మీద నడిచిపోతున్న వలస కూలీలకు ఆ పొట్లాలు అన్నం పెట్టిన మాట నిజం. ఇంట్లో మూడు పూటలా తినే పిల్లలకు అదే బిస్కెట్టు రోజంతా నోట్లో నానుతూ ఉండటం వేరే సంగతి.

ఎందుకు వేరో కొంచెం ఓపికగా చెప్పాలి. చాలామంది తల్లిదండ్రులు “మావాడు చాక్లెట్లు ఎక్కువ తినడండీ” అంటారు, నిజమే చెబుతారు. ఎంత తిన్నాడన్నది రెండో ప్రశ్న. ఎన్నిసార్లు తిన్నాడన్నది మొదటిది. నోట్లోకి తీపి గాని, మైదా గాని వెళ్లిన కొద్ది నిమిషాలకే పళ్లమీది పాచిలో ఉన్న సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి. ఆమ్లత పెరిగి పీహెచ్ 5.5 కంటే కిందికి దిగితే పంటి పైపొర అయిన ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని మెల్లగా విరిచి, కరిగిన ఖనిజాన్ని కొంత తిరిగి పంటికి అతికిస్తుంది. దానికి అరగంటో ముప్పావుగంటో పడుతుంది. అది పూర్తయ్యేలోపు ఇంకో బిస్కెట్టు పడితే లెక్క మళ్లీ మొదటికే. పుండు మానేలోపు మళ్లీ గిల్లినట్టు. పది గంటలకు ఒకేసారి నాలుగు బిస్కెట్లు తిని నీళ్లు తాగిన పిల్లాడికంటే, ఆ నాలుగింటినే పది నుంచి ఒంటిగంట దాకా కొరుక్కుంటూ కూర్చున్న పిల్లాడికి ఎక్కువ నష్టం.

ఈ విషయం రుజువైన తీరు మాత్రం బాధ కలిగిస్తుంది. 1940ల చివర్లో స్వీడన్‌లోని విపెహోల్మ్ అనే మానసిక ఆసుపత్రిలో, తమ తరఫున మాట్లాడే శక్తి లేని రోగులకు కావాలని అంటుకునే టాఫీలు పెట్టి వాళ్ల పళ్లు ఎలా పాడవుతాయో చూశారు. భోజనంతో పాటు తిన్న చక్కెర వల్ల పుచ్చు పెద్దగా పెరగలేదు. భోజనాల మధ్య తిన్న జిగురు టాఫీల వల్ల విపరీతంగా పెరిగింది. ఆ ప్రయోగం చేయకూడనిది. అన్ని నోళ్లు పాడు చేసి తెలుసుకున్న సంగతిని మనం ఇంట్లో వాడుకోకపోతే అది ఇంకో తప్పు.

కాబట్టి తీపి మానిపించమని నేను అనను. లాక్‌డౌన్‌లో ఇంట్లో ఇరుక్కున్న పిల్లలకు కుక్కర్ కేకు, జిలేబీ, మామిడి తాండ్ర, సున్నుండ ఇవన్నీ సంబరం. ఆ సంబరం ఉండాలి. దాన్ని అన్నం తిన్న వెంటనే, ఆ పూటతోనే ముగిసేలా పెట్టండి. మధ్యలో ఆకలేస్తే ఉడకబెట్టిన వేరుశనగలు, మజ్జిగ, గుడ్డు, జామకాయ, కీరా, శనగల గుగ్గిళ్లు. దాహానికి నీళ్లు, ఇంకేమీ కాదు. మామిడి తాండ్ర గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అది పండుతో చేసిందే కదా అని అందరూ నిశ్చింతగా ఇస్తారు. పంటి సందుల్లో అంటుకుని గంటల తరబడి వదలని వాటిలో దాన్ని మించింది తక్కువ. తిన్నాక నీళ్లతో గట్టిగా పుక్కిలింపజేయండి. బెల్లం చక్కెరకంటే మంచిదన్న నమ్మకం వంటింటి వరకు ఉంచుకోండి, పంటికి రెండూ ఒకటే.

ఇమ్యూనిటీ పేరుతో వచ్చిన తీపి

2020లో ప్రతి ఇంట్లోనూ బిడ్డల నోట్లోకి కొత్తగా చేరినవి కొన్ని ఉన్నాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ మార్చి నెలాఖరులో ఇచ్చిన సూచనల్లో రోజూ ఒక చెంచా చ్యవన్‌ప్రాశ, పసుపు పాలు, తులసి-దాల్చినచెక్క-మిరియాలు-శొంఠి కషాయం ఉన్నాయి. కషాయంలో కావాలంటే బెల్లం, నిమ్మరసం కలుపుకోమన్నారు. పెద్దవాళ్లకు అది ఒక గ్లాసు. పిల్లల దగ్గరికి వచ్చేసరికి చేదు పోవాలని బెల్లం రెట్టింపైంది, పాలల్లో తేనె చేరింది, చెంచాడు లేహ్యం నాకడానికి పావుగంట పట్టింది. చ్యవన్‌ప్రాశలో సగానికి దగ్గరగా తీపే ఉండే రకాలు ఎక్కువ. దానికి తోడు చప్పరించే సి విటమిన్ మాత్రలు. అవి ఆమ్లం కూడా, చాలావాటిలో చక్కెర కూడా. చెంపకూ పంటికీ మధ్య నిలిచి కరిగే మాత్ర ఒకే చోట ఎనామిల్‌ను తినేస్తుంది.

ఇవి ఇవ్వాలా వద్దా అన్నది మీ పిల్లల డాక్టరుతో తేల్చుకోండి. ఇచ్చేటట్టయితే ఎప్పుడన్నది నా మాట వినండి: భోజనంతో పాటు, రాత్రి బ్రష్‌కు ముందు. చివరగా వేడి పసుపు పాలు తాగించి బిడ్డను పడుకోబెట్టడమే ఎక్కువ ఇళ్లలో జరిగింది. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పగలు అరగంటలో కడుక్కుపోయే తీపి, రాత్రి ఆ పళ్లమీదే తెల్లవారేదాకా ఉంటుంది. దగ్గు సిరప్పుల సంగతీ ఇదే. కొవిడ్ వచ్చిన పిల్లలకు జ్వరం మందు, దగ్గు మందు రెండూ తియ్యటి సిరప్పులే. రాత్రి డోసు ముందు, బ్రష్ తర్వాత. నడిరాత్రి లేపి ఇవ్వాల్సి వస్తే, మందు వెనకాలే రెండు గుక్కల నీళ్లు తాగించండి. ఇన్‌హేలర్ వాడే పిల్లలు వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలించాలి.

రాత్రి తొమ్మిది గంటల పని

ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా పిల్లలు తమ పళ్లు తాము శుభ్రంగా తోముకోలేరు. ఇది బద్ధకం కాదు. మణికట్టును తిప్పి వెనక దంతాల లోపలి వైపుకు బ్రష్ చేర్చే నేర్పు ఆ వయసుకు రాదు. షూ లేసు తనంతట తాను బిగించి ముడి వేసుకోగలిగిన పిల్లలకు అప్పుడప్పుడే ఆ నేర్పు వస్తుందని పిల్లల దంత వైద్యులు గుర్తుగా చెబుతుంటారు. ఉదయం వాళ్లనే తోముకోనివ్వండి, ఆ ఆనందం వాళ్లకు కావాలి. రాత్రిది మాత్రం మీది.

నిలబెట్టి ఎదురుగా నుంచుని తోమితే ముందు పళ్లు తప్ప ఏమీ కనబడవు. మంచం మీద మీరు కూర్చుని, బిడ్డ తలను మీ ఒళ్లో పెట్టుకుని, ముఖం దీపం వైపు తిరిగేలా పడుకోబెట్టండి. తల్లులు తల దువ్వి పేలు చూసినంత దగ్గరగా నోరంతా కనబడుతుంది. కొంచెం పెద్ద పిల్లలైతే మీ ముందు, మీకు వీపు పెట్టి నిలబెట్టి, తలను మీ ఛాతీకి ఆనించుకోండి. ఎడమ చేతి చూపుడు వేలితో చెంపను పక్కకు లాగండి. వెనక దంతాలతో మొదలుపెట్టండి. నమిలే భాగం, తర్వాత చెంప వైపు, తర్వాత నాలుక వైపు. ముందు పళ్లు చివర్లో. అందరూ ముందు పళ్లతో మొదలుపెట్టి, బిడ్డ ఓపిక అయిపోయేసరికి వెనక వాటిని వదిలేస్తారు. పుచ్చు మాత్రం ఎక్కువగా అక్కడే. బ్రష్ కుచ్చు సగం పంటి మీద, సగం చిగురు అంచు మీద ఉండాలి. గట్టిగా రుద్దడం కాదు, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు. మొత్తం రెండు నిమిషాలు, ఒక సినిమా పాటలో సగం.

చేతులు సబ్బుతో కడుక్కుని మొదలుపెట్టండి. ఈ అలవాటు మహమ్మారి నేర్పింది, ఉంచుకోండి. ఇంట్లో అందరి బ్రష్‌లూ ఒకే గ్లాసులో తలలు ఆనించుకుని ఉండటం మాన్పించండి. ఒకరికి జబ్బు వస్తే ఆ బ్రష్, పేస్టు ట్యూబు రెండూ వేరే గదిలో. తగ్గాక కొత్త బ్రష్ కొనండి, ముప్పై రూపాయల ఖర్చు. రోజూ తోమే అమ్మే ఐసొలేషన్‌లో పడితే ఆ పని నాన్నకో, అమ్మమ్మకో, తాతయ్యకో ముందే అప్పగించి పెట్టుకోవాలి. మందులూ సరుకుల జాబితా రాసుకునే రోజే ఇదీ తేల్చుకోండి. తాతయ్య చేతులు వణుకుతాయంటే పిన్నో బాబాయో. ఎవరో ఒకరు, రోజూ ఒక్కరే.

పేస్టు ఫ్లోరైడ్ ఉన్నదే కావాలి. ట్యూబు మీద సన్నటి అక్షరాల్లో ఎన్ని పీపీఎం అన్నది రాసి ఉంటుంది. 1000 దగ్గర ఉన్నది ఎంచుకోండి. రంగులూ బొమ్మలూ ఉన్న పిల్లల పేస్టుల్లో చాలావాటిలో ఫ్లోరైడ్ అసలు ఉండదు, లేదా సగమే ఉంటుంది. మూడేళ్లలోపు వాళ్లకు బియ్యపు గింజంత, ఆ పైన ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత. టీవీ ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ నిండా పరచకూడదు. తోమాక ఉమ్మేయడమే, గ్లాసుడు నీళ్లతో పుక్కిలిస్తే పని చేయాల్సిన ఫ్లోరైడ్ అంతా సింకులోకి పోతుంది.

నల్గొండ, ప్రకాశం జిల్లాల వాళ్లు ఇక్కడ తటపటాయిస్తారు. న్యాయమే. అప్పటి నెల్లూరు జిల్లాలో ఎముకలు వంకర తిరిగే ఫ్లోరోసిస్‌ను 1937లోనే వైద్యులు లోకానికి చెప్పారు. ఇప్పటి ప్రకాశం జిల్లా పల్లెలు కొన్ని దాన్ని తరతరాలుగా మోస్తున్నాయి. నల్గొండ పేరు ఆ జబ్బుతోనే దేశమంతా తెలిసింది. ఆ హాని తాగే నీటిలోంచి, ఏళ్ల తరబడి పొట్టలోకి వెళ్లిన ఫ్లోరైడ్‌ది. బియ్యపు గింజంత పేస్టు పంటిమీద రుద్ది ఉమ్మేస్తే ఆ ప్రమాదం రాదు. బోరు నీళ్లే తాగే ఊళ్లో ఉంటే మొదట తాగే నీటిని మార్చండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీరు తాగడానికి పనికిరాదు. ఆ ఊళ్లో పిల్లలు పేస్టు మింగకుండా మరింత గట్టిగా కాపలా కాయండి, పేస్టు మాత్రం ఆపకండి.

వేప పుల్ల పెద్దవాళ్లకు సరే. చిన్నపిల్లల చేతికి ఇస్తే చిగుళ్లు గీరుకుపోతాయి, ఫ్లోరైడ్ అందదు. ఎర్ర పళ్లపొడి, బొగ్గు, ఇటుక పొడి వద్దు. అవి పంటిని మెరిపిస్తూనే అరగదీస్తాయి. పాలు తాగే పసిపిల్లలకైతే మొదటి పన్ను మొలిచేదాకా తడిగుడ్డతో చిగుళ్లు తుడవడం చాలు. సీసాలో చక్కెర వేసిన పాలు పెట్టి నిద్రపుచ్చే అలవాటు మాత్రం ముందు పళ్లను వరసగా నల్లగా మొదళ్ల దాకా తినేస్తుంది.

“పాలపళ్లే కదమ్మా”

“ఎందుకే అంత కంగారు? ఎలాగూ ఊడిపోయేవే కదా” అంటుంది నాన్నమ్మ. “వాటికి సిమెంటు వేయించడానికి ఈ కరోనాలో ఆసుపత్రికి పోవాలా?” ఆ మాటలో బిడ్డ మీద ప్రేమ ఉంది, వైరస్ భయం ఉంది. దానికి కోడలు వాదించకుండా చెప్పగలిగిన జవాబు ఒకటుంది: “ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి అత్తయ్యా. వెనక దవడ పాలపళ్లు పదకొండు, పన్నెండేళ్ల దాకా ఉండాలి. వీడికి ఇప్పుడు ఐదు.” ఆ ఆరేడేళ్లూ ఆ బిడ్డ వాటితోనే నమలాలి. పాలపన్ను వేరు కిందే శాశ్వత దంతం తయారవుతూ ఉంటుంది. పైన చీము పడితే ఆ కింది పంటి ఎనామిల్ కూడా చెడిపోవచ్చు. పాలపన్ను ముందే తీసేయాల్సి వస్తే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరిగి, రావాల్సిన పన్నుకు దారి మూసేస్తాయి. పదమూడేళ్లకు తీగెలు కట్టించుకునే వంకర పళ్లలో కొన్నిటి కథ ఇక్కడే మొదలవుతుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు, అందుకే దీని మీద ఆగుతున్నాను. ఆరేళ్ల ప్రాంతంలో చివరి పాలదంతం వెనకాల, ఏ పన్నూ ఊడకుండానే, ఒక కొత్త పెద్ద దంతం వస్తుంది. ఊడింది ఏదీ లేదు కాబట్టి ఇంట్లో ఎవరూ గమనించరు, గమనించినా పాలపన్నే అనుకుంటారు. అది శాశ్వత దంతం. నాలుగు మూలలా నాలుగు. జీవితమంతా ఉండాల్సినవి. వాటి మీద లోతైన గాళ్లు ఉంటాయి, పూర్తిగా పైకి వచ్చేదాకా బ్రష్ అందదు. 2020లో ఆరేళ్లున్న పిల్లలకు ఆ దంతాలు సరిగ్గా ఆసుపత్రులు మూసి ఉన్నప్పుడే వచ్చాయి. మీ ఇంట్లో ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలుంటే వారానికోసారి చివరి పాలదంతం వెనకాల వేలు పెట్టి తడమండి. గట్టిగా ఏదైనా తగిలితే, ఆ రోజు నుంచి బ్రష్‌ను అడ్డంగా, చెంప వైపు నుంచి తిప్పి ఆ ఒక్క దంతం మీద వేరుగా తోమండి.

నెలకోసారి నోరు చూడండి

మొదటి ఆదివారమో, పున్నమి రోజో, మీకు గుర్తుండే రోజు పెట్టుకోండి. కిటికీ వెలుగులో బిడ్డ తల ఒళ్లో పెట్టుకుని, చెంచా వెనక భాగంతో చెంపను పక్కకు తీసి, ఫోను టార్చి వేసి చూడండి. పై పెదవిని ఎత్తి, చిగురు అంచున పంటిమీద సుద్దలాంటి తెల్లటి గీత ఉందేమో గమనించండి. అదే పుచ్చు మొదటి మెట్టు. అక్కడ ఇంకా గుంట పడలేదు, రోజుకు రెండుసార్లు ఫ్లోరైడ్ పేస్టుతో తోమి, మధ్యలో తిండి ఆపితే ఆ పన్ను కోలుకుంటుంది. గోధుమ రంగు గుంట పడ్డాక వెనక్కి రాదు. చిగురు మీద చిన్న మొటిమలా ఉబ్బితే, నొప్పి లేకపోయినా, లోపల చీము ఉందని అర్థం. నొప్పి తగ్గిపోయిందని సంతోషించొద్దు. కొన్నిసార్లు పంటిలోని నరం చచ్చిపోయింది కాబట్టే నొప్పి ఆగుతుంది.

అదే రోజు ఫొటోలు తీసి పెట్టుకోండి. పళ్లు బిగించి ఎదురుగా ఒకటి, నోరు తెరిచి పై వరస, కింది వరస, రెండు చెంపలు. ఫోనును దగ్గరగా పెట్టి జూమ్ చేయకుండా, కొంచెం దూరం నుంచి తీస్తే మసకబారదు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ నిబంధనల తర్వాత డాక్టర్లు ఫోనులో, వీడియోలో చూసి సలహా ఇవ్వడం మన దేశంలో పద్ధతైంది. పిల్లల విషయంలో పెద్దవాళ్లు పక్కన ఉండాలన్నది అందులోని షరతు. మూడు నెలల ఫొటోలు వరసగా చూసిన దంత డాక్టరు, ఈ పన్ను ఆగగలదు, ఈ పన్ను ఆగలేదు అని వీడియోలోనే చాలావరకు చెప్పగలరు.

ఆగేది ఏది, ఆగనిది ఏది

బిడ్డ ముఖం ఒకవైపు వాచి కన్ను మూసుకుపోతున్నా, దవడ కింద మెడ దాకా వాపు దిగినా, మింగలేక చొంగ కారుస్తున్నా, నోరు తెరవలేకపోయినా, జ్వరంతో మగతగా పడున్నా అది ఇంట్లో చూసుకునే పంటి నొప్పి కాదు. ఆ వాపు గంటల్లో గొంతును నొక్కేయగలదు. ఎన్ని కేసులు ఉన్నా, ఏ లాక్‌డౌన్ ఉన్నా, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లాల్సిందే. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లోను, విజయవాడలోను, కడపలోను ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. మీకు దగ్గరలో ఏది తెరిచి ఉందో, ఆ నంబరు ఏదో, అవసరం రాకముందే కనుక్కుని ఫ్రిజ్ తలుపు మీద అంటించండి.

ఆగనివాటిలో రెండోది దెబ్బ. బడి లేని పిల్లలు మెట్లమీదా మేడమీదా ఆడతారు, పడతారు. శాశ్వత ముందు పన్ను వేరుతో సహా ఊడిపడితే దాన్ని తెల్లటి పైభాగం పట్టుకుని తీయండి, వేరును తాకొద్దు, రుద్దొద్దు. మట్టి ఉంటే పాలలోనో నీళ్లలోనో కొన్ని క్షణాలు ఆడించి, వచ్చిన రంధ్రంలోనే వెనక్కి పెట్టి, శుభ్రమైన గుడ్డను కొరికి పట్టుకోమనండి. అది చేయడానికి గుండె చాలకపోతే గ్లాసుడు చల్లటి పాలలో పన్ను వేసి పరుగెత్తండి. గుడ్డలో చుట్టి గాలికి ఆరబెడితే గంటలోపే వేరు మీది కణాలు చచ్చిపోతాయి. పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టకూడదు.

రాత్రంతా నిద్రపోనివ్వని పోటు మూడోది. వైరస్ ఎంత తీవ్రంగా ఉన్నా అది రెండు మూడు రోజుల్లో డాక్టరు చూడాల్సిన నొప్పే. ఆ మధ్యలో పారాసిటమాల్ ఇవ్వవచ్చు. కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల లెక్కన, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగు సార్లకు మించకుండా. పదహారు కిలోల బిడ్డకు 240 మిల్లీగ్రాములు. సిరప్పు మీద 5 మిల్లీలీటర్లకు 250 అని ఉంటే ఒక చెంచా చాలు, 120 అని ఉంటే రెండు చెంచాలు. ఆ అంకె చూడకుండా పక్కింటి సీసాతో కొలవకండి. జ్వరానికి ఇప్పటికే అదే మందు ఇస్తుంటే నొప్పికి వేరే పేరుతో మళ్లీ ఇవ్వకండి. ఐబుప్రొఫెన్ డెంగీ అనుమానం ఉన్నప్పుడు వద్దు. ఆస్పిరిన్ పిల్లలకు ఎప్పుడూ వద్దు. పుచ్చులో కర్పూరం పెట్టడం మన ఇళ్లలో పాత చిట్కా. మింగితే పిల్లలకు ఫిట్స్ తెప్పించే విషం అది. లవంగ నూనె చిగురును కాలుస్తుంది. పొగాకు ముక్క గురించి చెప్పనే అక్కర్లేదు. మందుల షాపులో యాంటీబయాటిక్ కొనడం కొవిడ్ రోజుల్లో మరీ ఎక్కువైంది. వాపు, జ్వరం లేని పంటి నొప్పికి అది పని చేయదు, నొప్పి పంటి లోపలి నరానిది. బిడ్డను తీసుకెళ్లలేని భయాన్ని ఆ మాత్ర కాసేపు తగ్గిస్తుందేమో, పుచ్చును తగ్గించదు.

మళ్లీ తెరిచాక

ఆసుపత్రి తెరిచిన మొదటి వారాల్లో అందరూ ఒకేసారి వెళ్తారు. ఫోటోల్లో గుంట కనిపించిన బిడ్డను, ఆరేళ్ల దంతాలు కొత్తగా వచ్చిన బిడ్డను ముందు తీసుకెళ్లండి. ఏ ఇబ్బందీ లేని పెద్దపిల్లలు ఒక నెల ఆగొచ్చు. పొద్దుటి మొదటి అపాయింట్‌మెంట్ అడగండి, అప్పటికి గదిలోకి రోగులెవరూ వచ్చి ఉండరు. ఒక్కరే తోడు వెళ్లండి. ఇంట్లోనే పళ్లు తోమి తీసుకెళ్లండి. దగ్గు, జ్వరం, ఇంట్లో ఎవరికైనా పాజిటివ్ ఉంటే దాచకుండా ముందే ఫోనులో చెప్పండి.

డ్రిల్లు తిప్పకుండానే చేయగలిగే చికిత్సలు ఉన్నాయని తెలిస్తే మీ భయం కొంత తగ్గుతుంది, అడగడానికి మాట దొరుకుతుంది. సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్ అనే చుక్క పుచ్చు మీద రాస్తే అది ముదరకుండా ఆగుతుంది. నొప్పి ఉండదు, తుంపర ఉండదు. పుచ్చిన భాగం నల్లబడుతుంది, అదే దాని పెద్ద లోపం. వెనక పళ్లకైతే అది ఎవరికీ కనబడదు. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. చేతి పనిముట్లతోనే మెత్తబడిన భాగాన్ని తీసి గ్లాస్ అయనోమర్ సిమెంటు నింపే పద్ధతి 1980ల్లో టాంజానియాలో, కరెంటు లేని ఊళ్ల కోసం పుట్టింది. పాలదంతాన్ని ఏమీ చెక్కకుండా దానిమీద ఉక్కు టోపీని నొక్కి బిగించే హాల్ పద్ధతి స్కాట్లండ్ నుంచి వచ్చింది. ఆరేళ్ల దంతాల గాళ్లలో పలచటి పూత వేసి మూయడం, ఏడాదికి రెండుసార్లు ఫ్లోరైడ్ వార్నిష్ రాయడం నిమిషాల పని. “డాక్టరు గారూ, మా పాపకు డ్రిల్లు లేకుండా చేయగలిగేది ఏదైనా ఉందా?” అని అడగండి. ఉంటే చెబుతారు. పుచ్చు నరం దాకా వెళ్లి ఉంటే మాత్రం ఇవేవీ సరిపోవు, అప్పుడు చేయాల్సిన చికిత్స వాయిదా వేయకుండా ఆ రోజే మొదలుపెట్టించండి.